ఓబెడ్ దాచిన సీల్ పిల్ల

పోయిన వారం లౌరిండాను ఓబెడ్ పెయిన్ షెడ్డు ముందు, తుప్పు పట్టిన గొళ్ళెం మీద చెయ్యి వేసి ఉండగా వదిలేశాం. ఆమె అక్కడికి ఎందుకొచ్చిందో రెండు ముక్కల్లో చెప్పుకుని లోపలికి పోదాం.

ఆరు రోజుల కిందట డక్ హార్బర్ ఒడ్డున, మెడకు వల బిగుసుకుపోయిన సీల్ పిల్ల ఒకటి కనిపించింది. ఒడ్డుకు కొట్టుకొచ్చే సీళ్ళకూ, సముద్రపు తాబేళ్ళకూ మా వెల్‌ఫ్లీట్‌లో దిక్కు లౌరిండా, ఆమె వెంట తిరిగే పదిమంది. ఆమె బోను తీసుకుని తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. ఇసుకలో నెత్తురు మరకలు, ట్రక్కు చక్రాల జాడ మాత్రం ఉన్నాయి. ఎవరో చంపి ఎత్తుకుపోయారని ఊరంతా అనుకుంది. ఆ ఎవరో ఎవరన్నది కూడా ఊరంతా లోపల్లోపల అనుకుంది. వసంతంలో జరిగిన ఊరి సభలో మైకు పట్టుకుని, "చేపలన్నీ వీటి పొట్టలోకే పోతున్నాయి. ఇంకోటి నా కంటబడితే గవర్నమెంటు దాకా వద్దు, నా రెండు చేతులు చాలు" అన్నవాడు ఓబెడ్. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. ఆ ఓబెడ్ లౌరిండాకు స్వయానా బావ, ఆరేళ్ళ కిందట పోయిన అక్క డెల్మీరా భర్త. ఇసుకలో జాడ చూడగానే, వెనక చక్రం ఒకవైపు అరిగిన ట్రక్కు ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది. సముద్ర జంతువుల కేసులు చూసే ఆఫీసరు గొన్సాల్వెస్ అడిగితే మాత్రం తెలియదంది.

ఆరో రోజు పొద్దున ఇక ఉండబట్టక, తాబేళ్ళను సముద్ర జంతువుల ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యానును బావ షెడ్డు వైపు తిప్పింది. గొళ్ళెం మీద చెయ్యి వేసేసరికి లోపలి నుంచి గురకలాంటి చప్పుడు వినిపించింది.

ఆమె తీసేలోపే తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.

"ఎంతసేపు నిలబడతావు అక్కడ?" అన్నాడు ఓబెడ్. "వస్తే రా, లేకపోతే పో. చలంతా లోపలికి వస్తోంది."

అరవయ్యారేళ్ళ మనిషి. గడ్డం గీసుకుని వారమైనట్టుంది. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, రమ్మంటూనే దారి ఇవ్వలేదు.

"ఎక్కడ పాతిపెట్టావు బావా?" అంది లౌరిండా.

"దేన్ని?"

"నన్ను వెర్రిదాన్ని చెయ్యకు. చక్రాల జాడ చూశాను. ఆరు రోజులుగా ఆ ఆఫీసరు మొహం చూడలేక చస్తున్నాను. పాతిపెట్టావా, పడవలో తీసుకెళ్ళి పారేశావా, అది ఒక్కటి చెప్పు."

ఓబెడ్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. ఈలోగా అతని వెనక మళ్ళీ అదే గురక వినిపించింది, దాని వెంటే నీళ్ళు చిందిన చప్పుడు. లౌరిండా అతన్ని పక్కకు నెట్టి లోపలికి దూరింది.

ఆల్చిప్పల గంపలన్నీ ఒక గోడ వైపు పేర్చి ఉన్నాయి. మధ్యలో, పూర్వం కాడ్ చేపలకు ఐసు వేసి పెట్టే పెద్ద నీలం తొట్టి ఉంది. దాని అంచు మీద గడ్డం ఆనించి, తడి కళ్ళతో ఆమెనే చూస్తోంది సీల్ పిల్ల. మెడ చుట్టూ తాడు కట్టినట్టు ఎర్రటి గాయం. వల లేదు. గాయం శుభ్రంగా ఉంది. తొట్టి పక్కన నేలంతా హెర్రింగ్ చేపల తోకలు.

లౌరిండా బోర్లించిన గంప మీద కూలబడింది.

"బతికే ఉంది," అంది.

"ఉండక ఏం చేస్తుంది? పూటకు బుట్టెడు హెర్రింగ్ మింగుతోంది. నేను రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నాను."

ఆమె నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి. మోచేత్తో తుడుచుకుని లేచి, రబ్బరు తొడుగులు వేసుకుని తొట్టి దగ్గరకు వెళ్ళింది. పిల్ల పళ్ళు చూపించి బుసకొట్టింది. ఆ బుస వింటే ఆమె ప్రాణం లేచొచ్చింది. చావబోయే పిల్ల అలా బుసకొట్టదు. ఊపిరి లెక్కపెట్టింది, కళ్ళు చూసింది, వంగి గాయం వాసన చూసింది.

"దేనితో కడిగావు?"

"సముద్రపు నీళ్ళు. రోజుకు రెండుసార్లు. ఇంకేం చెయ్యాలో తెలీలేదు."

"మనుషులు నూట యాభై అడుగుల దూరంలో ఉండాలని అంత పెద్ద బోర్డు పెట్టాం కదా ఒడ్డున."

"నేను చదివాను. అది చదవలేదు. నేను గంపలు ఎక్కిస్తుంటే వచ్చి ట్రక్కు కిందే పడుకుంది."

"నాకు ఫోను చెయ్యొచ్చుగా?"

"చేస్తే నువ్వొక్కదానివే రావుగా. నీ వెనక పచ్చ కోట్లవాళ్ళు పదిమంది, వాళ్ళ చేతుల్లో పది ఫోన్లు. మర్నాడు పేపర్లో నేనూ ఇదీ పక్కపక్కన ఫొటో. రేవులో మళ్ళీ తలెత్తుకు తిరగనిస్తారా నన్ను? మా తాత సీళ్ళను చంపి, లెక్క చూపడానికి ముక్కులు కోసుకెళ్ళి టౌన్‌హాల్లో ఇచ్చి డబ్బులు తెచ్చుకున్న మనిషి."

"సిగ్గుపడి ఆరు రోజులు దాచావా?"

ఓబెడ్ బకెట్టులోంచి చేప తీసి తొట్టిలోకి విసిరాడు. ఎడమ చేత్తో తీశాడు, ఎడమ చేత్తోనే విసిరాడు. పుట్టినప్పటి నుంచీ కుడిచేతివాటం మనిషి. లౌరిండా చప్పున అతని కోటు జేబు వైపు చూసింది.

"ఆ చెయ్యి ఇలా తియ్యి."

"ఏం లేదు."

"తియ్యి బావా."

అతను తీశాడు. చూపుడు వేలు రెండింతలు వాచి, నిగనిగలాడుతూ వంకాయ రంగులో ఉంది. కణుపు దగ్గర రెండు పళ్ళ గాట్లు. ఆమె వేలికొసతో తాకీ తాకకుండా తాకితే పళ్ళు బిగబట్టాడు.

"ఎప్పుడు కరిచింది?"

"మొదటిరోజే. మూణ్ణాలుగు రోజులు ఏం లేదు. మొన్న మొదలైంది. పన్ను నొప్పికి ఇచ్చిన మాత్రలు మిగిలితే వేసుకుంటున్నాను."

"ఆ మాత్రలు దీనికి పనిచెయ్యవు. నీకు తెలీదా? సీల్ వేలు అంటారు దీన్ని. కీలు తినేస్తుంది."

"ఎందుకు తెలీదు? మా తాతకూ అయింది. గొడ్డలితో ఒక్క దెబ్బ వేసుకున్నాడు. తొమ్మిది వేళ్ళతో ఎనభై రెండేళ్ళు బతికాడు."

"ఆ రోజుల్లో మందు లేదు. ఇప్పుడుంది. సీల్ కరిచిందని చెబితే ఏ మందు ఇవ్వాలో వాళ్ళకు తెలుస్తుంది. నడు క్లినిక్‌కి."

"కుక్క కరిచిందని చెబుతాను."

"కుక్క కాటుకిచ్చే మందు ఇచ్చి పంపిస్తారు. వారం తిరక్కుండా వేలు, ఆ తర్వాత చెయ్యి. ఒంటిచేత్తో ఆల్చిప్పలు ఎలా ఏరతావో ఏరుకో."

ఓబెడ్ గోడ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి అన్నాడు: "లౌరీ, ఒక పని చెయ్యి. దీన్ని తీసుకుపో. ఒడ్డున దొరికిందని రాసుకో. నువ్వు రాసిందే రాత, ఎవరూ కాదనరు. నా సంగతి నేను చూసుకుంటాను."

లౌరిండా వెంటనే కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ మాటకు ఒక్క క్షణం మనసు జారింది. కాగితం మీద ఒక్క ముక్క రాస్తే పిల్ల ఆసుపత్రికి చేరుతుంది, బావ చేపల లైసెన్సుకు ఢోకా ఉండదు. కానీ ఈ ఆరు రోజులూ ఒక అబద్ధంతో కాపురం చేస్తే నిద్ర ఎలా ఉంటుందో ఆమె చూసింది.

"రాయను," అంది. "ఇప్పటికే నీ కోసం ఒకటి దాచాను. ఎందుకు దాచానో తెలుసా? నువ్వు దాన్ని చంపావనుకుని. చంపినవాణ్ణి కాపాడుతున్నాననుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది."

"నువ్వు కూడానా?"

"నేను కాక ఇంకెవరు?"

"కోరా. ట్రక్కులో నెత్తురు చూసింది. ఒక్క మాట అడగలేదు. బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. నాలుగు రోజులైంది పనికి రాక." కోరా అతని కూతురు. ఇరవై తొమ్మిదేళ్ళది. ఆల్చిప్పల మడిలో, పడవలో అతనికి సగం బలం ఆమే. "అడిగితే చెప్పేవాణ్ణి."

"అడక్కముందే చెబితే నోరు పడిపోతుందా? కన్నకూతురే కదా."

"ఏమని చెప్పను?" ఓబెడ్ ఒక్కసారిగా ఇటు తిరిగాడు. "మీ అమ్మ కట్టిన వలే దాని మెడ కోసిందని చెప్పనా?"

లౌరిండాకు అర్థం కాలేదు. అతను ఎడమ చేత్తో గోడ అల్మరా తెరిచి, పాత కాఫీ డబ్బా దించి, అందులోంచి మూరెడు వల ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. సన్నటి దారపు వల. పై తాడుకు నారింజ రంగు దారంతో ముడులు వేసి ఉన్నాయి. ఎండకు, ఉప్పుకు ఆ రంగు సగం వెలిసింది. ఆమె ముడిని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. అందరూ కుడివైపుకు తిప్పి బిగించే ముడి ఇక్కడ ఎడమవైపుకు తిరిగి ఉంది. మా ఊళ్ళో ఎడమ చేత్తో వలలు కట్టిన మనిషి ఒక్కతే, డెల్మీరా. చిన్నప్పుడు అక్క పక్కన కూర్చుని దారం అందించేది లౌరిండాయే.

"పదకొండేళ్ళయింది," అన్నాడు ఓబెడ్. "ఈశాన్యం గాలి మూడు రోజులు కొట్టిందే, అప్పుడు తెగిపోయింది. రెండు వారాలు వెతికాం, నేనూ డెల్మీరా. దొరకలేదు. సముద్రం తీసుకుంది, పోనీలే అంది తను. సముద్రం ఏం చేసుకుంటుంది వలతో? అది అక్కడే ఉండి, ఎవరూ లాగకపోయినా చేపల్నీ, ఇలాంటివాటినీ పట్టుకుంటూనే ఉంది. దీని మెడకున్నది ఒక్క ముక్క. ఆ నారింజ దారం చూశాక నీకు ఫోను ఎలా చెయ్యను? అక్కడే కూర్చుని కోసేశాను. అప్పుడే కరిచింది. దాని తప్పేం లేదు."

తొట్టిలో పిల్ల చేపను తలకిందులుగా పట్టుకుని, సరిగ్గా తిప్పుకుని మింగింది.

"తెలిసి వదల్లేదుగా బావా," అంది లౌరిండా.

"తెలిసి వదిలానా, తెలియకనా అని ఈ పిల్ల అడగదుగా."

"అది అడగదు. కోరా అడుగుతుంది. చెప్పు. అక్కకు తెలిస్తే ఆరు రోజులు దాచినందుకు తిట్టేది, కోసి తీసినందుకు తిట్టేది కాదు. ముందు ఆ వేలు సంగతి చూద్దాం, నడు."

ఈసారి అతను కాదనలేదు. అరిగిపోయిన దుప్పటి ఒకటి తెచ్చి తొట్టి పక్కన పెట్టి, "దీన్ని కప్పితే గొడవ చెయ్యదు. అలవాటైంది," అన్నాడు. మనిషికి అలవాటుపడ్డ పిల్ల సముద్రంలో బతకడం కష్టం, అయినా ఆ మాట ఆమె విననట్టు ఊరుకుంది.

పిల్లను బోనులోకి ఎక్కించడానికి పావుగంట పట్టింది. వ్యాను వెనక అప్పటికే మూడు అరటిపండ్ల అట్టపెట్టెలు ఉన్నాయి. ఒక్కో పెట్టెలో తువ్వాలు మీద ఒక్కో తాబేలు, పళ్ళెమంత. డిసెంబరు చలికి ఒళ్ళు మొద్దుబారి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి. అలాంటివాటిని ఒక్కసారిగా వెచ్చబెడితే గుండె ఆగిపోతుంది. రోజుకు అయిదు డిగ్రీల చొప్పున వేడి పెంచాలి. అందుకే లౌరిండా హీటరు వెయ్యదు, అద్దాలు కూడా కాస్త దించే ఉంచుతుంది. మా ఊళ్ళో ఆమె వ్యాను ఎక్కమంటే ఎవరైనా ఏదో పని గుర్తు తెచ్చుకుంటారు.

"హీటరు వెయ్యి," అన్నాడు ఓబెడ్ రోడ్డెక్కగానే.

"తాబేళ్ళున్నాయి."

"నేను కూడా ఉన్నాను."

"నీకు కోటుంది."

అతను టోపీ చెవుల మీదకు లాక్కుని ముడుచుకు కూర్చున్నాడు. వెనక సీల్ ఒకసారి మూలిగింది. అతను మెడ తిప్పి చూసి, "ఆ మధ్య పెట్టెలోది కాలు కదిపింది," అన్నాడు.

"అదా? తెల్లారి పోటుకు దొరికింది. చచ్చిపోయిందనే అనుకున్నాం. మావాళ్ళలో మార్నీ ఊరుకోలేదు, పెట్టె మీద ప్రశ్న గుర్తు వేసి ఇచ్చింది."

"మళ్ళీ కదిపింది."

"అయితే ఆ గుర్తు కొట్టెయ్యి. సీటు మీద పెన్నుంది."

అతను ఎడమ చేత్తో, వంకరగా, ప్రశ్న గుర్తు కొట్టేశాడు. ఆ తర్వాత హీటరు మాట ఎత్తలేదు.

క్లినిక్‌లో నర్సు హాలెట్ వేలు చూసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఏం కరిచింది ఓబెడ్ గారూ?"

ఓబెడ్ లౌరిండా వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది.

"కుక్క," అన్నాడు.

"ఎవరి కుక్క? టీకాలు వేయించారా దానికి?"

"ఎవరిదీ కాదు." అతను గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళలో ఉంటుంది. మీసాలుంటాయి. హెర్రింగ్ తింటుంది."

నర్సు రాస్తున్న చెయ్యి ఆగింది. ఆమె పెదవులు బిగబట్టడం లౌరిండా చూసింది. నవ్వు ఆపుకోవడం మా ఊళ్ళో నర్సులకు శిక్షణలో భాగం కాదు గానీ, హాలెట్ ఆపుకుంది.

"మంచిపని చేశారు చెప్పి," అంది. "కుక్కంటే వేరే మందు ఇచ్చేదాన్ని. ఇంకో అయిదారు రోజులాగితే ఈ కీలు మీది కాదు. ఇప్పుడు ఫరవాలేదు, ఆరు వారాలు మాత్రలు మానకుండా వేసుకుంటే వేలు నిలుస్తుంది. తడి తగలనివ్వకండి. ఆ కుక్క ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాడు ఓబెడ్. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "గాయం మానుతోంది. మెడ తిప్పుతోంది. నిన్నటి నుంచి రెండు వైపులా తిప్పుతోంది," అన్నాడు.

లౌరిండా కుర్చీలో వెనక్కు వాలింది. ఆరు రోజుల్లో ఊపిరి పొట్టదాకా వెళ్ళడం అదే మొదటిసారి. పిల్ల బతికింది, వేలు దక్కింది, బావ నోటి వెంట నిజం వచ్చింది. ఇక ఆఫీసరుకు చెప్పాల్సింది ఉంది. అది కూడా ఇప్పుడు అంత బరువుగా అనిపించలేదు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో బావకు వేడివేడిగా క్లామ్ చిప్పల సూపు కొనిపెట్టాలని, అది కూడా వ్యాను బయట నిలబడి తాగమనాలని అనుకుంది.

నర్సు కట్టు కడుతుండగా ఫోను మోగింది. మార్నీ. పూర్వం స్కూలు బస్సు నడిపిన మనిషి, మెల్లగా మాట్లాడటం ఎప్పుడూ అలవాటు లేదు.

"లౌరిండా, ఎక్కడున్నావు? జెరెమీ పాయింట్ అవతల ఇసుక మేట దగ్గర పాత వల ఒకటి తేలింది. పొద్దున పడవవాళ్ళు చూశారు. చాలా పెద్దది. అందులో తాబేళ్ళు చిక్కుకున్నాయి, వాటిలో రెండు ఇంకా తలలెత్తుతున్నాయట. వాళ్ళు లాగబోతే కింద ఎక్కడో పట్టేసింది, ఒక్క అంగుళం రాలేదు. మధ్యాహ్నం నుంచి గాలి పెరుగుతుందంటున్నారు. రేవులో అందరి ఫోన్లలో ఫొటో తిరుగుతోంది. నారింజ దారం ముడులు. ఎవరిదో ఎవరికీ తెలీదు."

క్లినిక్ గది చిన్నది. మార్నీ గొంతు పెద్దది. ఓబెడ్ అంతా విన్నాడు.

"కింద పట్టేసింది లంగరు," అన్నాడు. "నాలుగు లంగర్లు వేశాను దానికి. ఎటు నుంచి కోస్తే వదులుతుందో నాకు తెలుసు. తప్పు వైపు నుంచి కోస్తే మొత్తం మునిగిపోతుంది, అందులో ఉన్నవాటితో సహా."

"చెయ్యి తడవకూడదని ఇప్పుడే చెప్పాను," అంది నర్సు.

"తడపను. దగ్గరుండి చెబుతాను, కోసేది ఎవరైనా కొయ్యొచ్చు." లౌరిండా వైపు తిరిగాడు. "ఆ ఆఫీసరు నంబరు నీ దగ్గరుందిగా. కలుపు. నేను మాట్లాడతాను."

"నేను చెప్పనా ముందు?"

"వద్దు. నా వల, నా నోరు."

ఆమె కలిపి ఇచ్చింది. ఓబెడ్ ఎడమ చెవికి ఆనించుకుని, ఊరి సభలో మైకు ముందు నిలబడ్డప్పటి కంటే నిటారుగా నిలబడ్డాడు.

"ఆఫీసరుగారూ, నేను ఓబెడ్ పెయిన్. సీల్ పిల్లను ఎత్తుకుపోయింది నేనే. బతికే ఉంది, లౌరిండా వ్యానులో ఉంది. మేట దగ్గర తేలిన వల కూడా నాదే. దాని గురించి తర్వాత మీరు ఏం రాసుకున్నా సంతకం పెడతాను. ముందు తాబేళ్ళను తియ్యాలి. క్లినిక్ నుంచి బయల్దేరుతున్నాను. మీరు రేవుకు వస్తే నా పడవలో పోదాం."

అవతల గాలి హోరు వినిపించింది, గొన్సాల్వెస్ రేవులోనే ఉన్నట్టున్నాడు.

"క్లినిక్‌లో ఉన్నారా మీరు?" అన్నాడు. "ఓబెడ్ గారూ, మీ పడవ రేవు దాటి గంటయింది. మేట వైపు పోయింది. ఒక్కరే ఉన్నారు అందులో, టోపీ, పసుపు కోటు. మీరే అనుకుని ఇందాకటి నుంచీ రేడియోలో పిలుస్తున్నాను, జవాబు లేదు."

ఓబెడ్ ఫోను చెవి మీద నుంచి దించాడు. రేవులో అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న ఫొటో, పడవ రెండో తాళంచెవి దగ్గరున్న మనిషి ఫోనులోకి కూడా వచ్చే ఉంటుంది.

"కోరా," అన్నాడు. "వాళ్ళమ్మ ముడి గుర్తుపట్టింది. ఎటు నుంచి కొయ్యాలో దానికి తెలీదు లౌరీ."